కొత్త టర్బో... పాత రోగం!

చిట్యాల ఇంకా నాలుగైదు కిలోమీటర్లు ఉందనగా బండి పికప్ పడిపోయింది. యాక్సిలేటర్ అడుగుదాకా తొక్కినా స్పీడు 40 దాటట్లేదు. వెనక లారీ ఒకటే హారన్. అద్దంలో చూస్తే నల్లటి పొగ. పక్కసీట్లో నాన్న మోకాలి మీద చెయ్యి పెట్టుకుని, కాసేపు ఏమీ అనలేదు. తర్వాత మెల్లగా, "ఏరా, మొన్నేగా బాగుచేయించావు?" అన్నాడు.

మొన్నే. రెండు దఫాలుగా 92,350 రూపాయలు కట్టి.

అది 2025 మార్చి చివరి వారం. నాన్నకి అంతకు ముందు సంవత్సరం మోకాలి ఆపరేషన్ అయింది. కోదాడ నుంచి హైదరాబాద్‌కి చెకప్‌ల కోసం బస్సులో తిరగలేకపోతున్నాడని, నేను 2016 మోడల్ డీజిల్ కారు సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. నాలుగేళ్ల ఉద్యోగంలో దాచుకున్న డబ్బులో పెద్ద ముక్క దానికే పోయింది. ఆ రోజు ఆస్పత్రిలో పదకొండు గంటలకి అపాయింట్‌మెంట్. తొమ్మిదిన్నరకి మేం విజయవాడ హైవే పక్కన, హజార్డ్ లైట్లు వేసుకుని నిలబడి ఉన్నాం. టోయింగ్ వాడు రెండు గంటలు పడుతుందన్నాడు. నాన్న కాసేపు చూసి, చేతికర్ర తీసుకుని రోడ్డు మీదకొచ్చి, వస్తున్న ఆర్టీసీ బస్సుకి చెయ్యి ఎత్తాడు. డ్రైవర్ మంచివాడు, ఆపాడు. ఆ మెట్లు ఎక్కడానికి కండక్టర్ ఒక చెయ్యి, నేను ఒక చెయ్యి పట్టుకున్నాం.

ఏ బస్సు ఎక్కకూడదని కారు కొన్నానో, అదే బస్సు నా కళ్లముందే ఎక్కి వెళ్లాడు. డబ్బు పోయినందుకు నాకు అప్పటిదాకా చిరాకే ఉంది. కోపం వచ్చింది మాత్రం అక్కడే.

ఒక కోడ్, రెండు బిల్లులు

కథ జనవరిలో మొదలైంది. ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు బండి లాగడం లేదు, చెక్ ఇంజన్ లైటు వెలుగుతోంది. మా అపార్ట్‌మెంట్‌కి దగ్గర్లో అన్ని కంపెనీల బండ్లూ చేసే ఒక పెద్ద గ్యారేజ్ ఉంది. ఏసీ వెయిటింగ్ రూము, కాఫీ మెషీను, ఆన్‌లైన్లో బోలెడన్ని స్టార్లు. మనవాళ్లం స్టార్లు చూసి బిర్యానీ తెప్పించుకున్నట్టే మెకానిక్‌నీ ఎంచుకుంటున్నాం కదా, నేనూ అంతే.

స్కానర్ పెట్టారు. కోడ్ వచ్చింది: పీ0299. టర్బో ఇవ్వాల్సినంత గాలి ఒత్తిడి ఇవ్వడం లేదని దాని అర్థం. గ్యారేజ్ ఓనర్ వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్ పెట్టాడు: "టర్బోనే సార్ ప్రాబ్లం. మార్చేస్తే సెట్ అయిపోతుంది, గ్యారంటీ." కొత్త టర్బో, ఆయిల్, గ్యాస్కెట్లు, లేబర్, జీఎస్టీ అన్నీ కలిపి 68,350. కట్టాను. కోదాడలో లారీలు నడిపిన మా బాబాయ్ ఫోన్లో ఒక్కటే మాట చెప్పాడు, "పాత సామాను అక్కడ వదిలిపెట్టి రాకు, అడిగి తెచ్చుకో" అని. ఆ తుక్కు నాకెందుకు అనుకుంటూనే అడిగాను. కౌంటర్లో కుర్రాడు కొంచెం నసిగాడు. చివరికి అట్టపెట్టెలో పెట్టి ఇచ్చాడు. ఆ అట్టపెట్టె సంగతి మళ్లీ వస్తుంది.

పది రోజులు బండి బాగానే ఉంది. తర్వాత మళ్లీ అదే లైటు, అదే పొగ. తీసుకెళితే, "టర్బో కొత్తది కాబట్టి అది కాదు సార్, ఇంజెక్టర్లు అయ్యుంటాయి" అన్నాడు. అయ్యుంటాయి! ఆ మాట విన్నప్పుడే నేను ఆగాల్సింది. నా ఉద్యోగంలో ఎవరైనా జూనియర్ వచ్చి "సర్వర్ అయ్యుంటుంది, కొత్తది కొందాం" అంటే, ముందు లాగ్స్ చూపించు అంటాను. కానీ గ్యారేజ్‌లో నిలబడితే మనం కస్టమర్ కూడా కాదు, పేషెంట్. డాక్టర్ ఏం రాస్తే అది మింగుతాం. నాలుగు ఇంజెక్టర్ల రీకండిషనింగ్‌కి 24,000 అన్నాడు. బిల్లు కావాలంటే ట్యాక్స్ పడుతుంది, వద్దంటే ఇదే ఫైనల్ అన్నాడు. ట్యాక్స్ మిగులుతుంది కదా అని వద్దన్నాను. ఆయన సొంత నంబర్‌కి యూపీఐ చేశాను. ఈ మొత్తం వ్యవహారంలో నేను చేసిన పెద్ద తప్పు ఇది.

మూడు వారాలకి చిట్యాల.

మోటారు మార్చారు, పైపు చూడలేదు

టోయింగ్‌కి 6,500 పోయాయి. ఈసారి బండిని పాత గ్యారేజ్‌కి పంపబుద్ధి కాలేదు. మా టీమ్‌లో ఒకతను చెప్తే, మియాపూర్ వైపు ఒక చిన్న షెడ్డుకి తోలించాను. రేకుల కప్పు, రెండు బండ్లు పడితే మూడోది రోడ్డు మీదే. అక్కడి మెకానిక్ నాకంటే రెండు మూడేళ్లు పెద్ద ఉంటాడేమో. కోడ్ చూశాడు, బిల్లు చూశాడు, ఏం మాట్లాడలేదు. ఇంజన్ వేడెక్కేదాకా బండి ఆన్‌లో ఉంచి, ఆఫ్ చేసి, ఒక చిన్న మెషీన్‌తో గాలి వెళ్లే దారిలోకి పొగ వదిలాడు. రెండు నిమిషాలు. ఇంటర్‌కూలర్ నుంచి ఇంజన్‌కి వెళ్లే రబ్బరు పైపు అడుగున, క్లాంప్ పక్కన, సన్నగా పొగ బయటికొచ్చింది. అగరొత్తి పొగలాగా.

"అదిగో అన్నా" అన్నాడు. అంతే.

పైపు, క్లాంపులు, పొగ టెస్టు, లేబర్ అన్నీ కలిపి 3,150 రూపాయలు. ఈ వ్యాసం రాసేనాటికి ఆ లైటు మళ్లీ వెలగలేదు.

టర్బో పని ఏంటో తెలియనివాళ్లకి ఒక్క ముక్కలో చెప్తాను. ఇంజన్ నుంచి బయటికి పోయే వేడి వాయువులు ఒక చక్రాన్ని తిప్పుతాయి. ఆ చక్రం ఇరుసుకి రెండో చివర ఉన్న ఇంకో చక్రం బయటి గాలిని ఒత్తిడితో లోపలికి తోస్తుంది. ఆ గాలి ఇంటర్‌కూలర్‌లో చల్లబడి, రబ్బరు పైపుల్లోంచి ఇంజన్‌కి చేరుతుంది. బండిలోని కంప్యూటర్ తాను అడిగినంత ఒత్తిడి వచ్చిందా లేదా అని సెన్సర్‌తో చూసుకుంటుంది. తక్కువ ఉంటే పీ0299 చూపిస్తుంది, ఇంజన్‌కి దెబ్బ తగలకుండా పవర్ తగ్గించేస్తుంది. దాన్నే లింప్ మోడ్ అంటారు, అంటే కుంటినడక. ఒత్తిడి తక్కువ ఉందని మాత్రమే కోడ్ చెప్తుంది. ఎందుకు తక్కువ ఉందో చెప్పదు. టర్బో పోయుండొచ్చు, దాన్ని నియంత్రించే వాక్యూమ్ గొట్టం ఊడి ఉండొచ్చు, సెన్సర్ తప్పు చెప్తుండొచ్చు, పైపు చిరిగి ఉండొచ్చు.

అపార్ట్‌మెంట్‌లో ఓవర్‌హెడ్ ట్యాంకుకి నీళ్లెక్కట్లేదు అనుకోండి. మధ్యలో పైపు పగిలి నీళ్లు కారిపోతుంటే, కింద మోటారు మార్చి బిల్లు వేస్తే ఎలా ఉంటుంది? నా విషయంలో జరిగింది అదే. నల్లపొగ కూడా అందుకే. లెక్కలోకి వచ్చిన గాలి దారిలో కారిపోతోంది, ఇంజన్‌లోకి డీజిల్ మాత్రం లెక్క ప్రకారం పడుతోంది, పూర్తిగా మండక పొగ. చల్లగా ఉన్నప్పుడు ఆ చిరుగు మూసుకుని ఉంటుంది, కంటికి కనపడదు. వేడెక్కి, ఒత్తిడి పెరిగినప్పుడే నోరు తెరుస్తుంది. అందుకే మొదటి గ్యారేజ్‌లో కుర్రాళ్లు చూసినా కనపడి ఉండకపోవచ్చు. ఆ మాట నేను ఒప్పుకుంటాను.

మరి పది రోజులు ఎందుకు బాగుంది? టర్బో మార్చేటప్పుడు ఆ పైపులన్నీ విప్పి మళ్లీ బిగించారు, కోడ్ చెరిపేశారు. బిగింపు మళ్లీ వదులయ్యేదాకా నడిచింది.

ఇక అట్టపెట్టె. పాత టర్బోని టర్బోలు మాత్రమే బాగుచేసే ఒక షాపుకి పట్టుకెళ్లాను. ఇరుసు పట్టుకుని అటూ ఇటూ కదిపి చూశారు, రెక్కలు చూశారు, ఆయిల్ కారిన గుర్తులున్నాయేమో చూశారు. "ప్లే లేదు, రెక్కలు బాగున్నాయి, ఇది వాడుకోదగ్గ టర్బోనే" అని లెటర్‌హెడ్ మీద రాసిచ్చారు, దానికి 500 తీసుకున్నారు. బాబాయ్ మాట వినకపోతే ఆ టర్బో ఏ తుక్కు కొట్లోనో, లేదంటే వేరే ఎవరి బండిలోనో ఉండేది. నా దగ్గర మాత్రం నోటిమాట తప్ప ఏమీ ఉండేది కాదు.

"మేం పని చేశాం కదా సార్"

ఓనర్ దగ్గరికి మర్యాదగానే వెళ్లాను. ఆయన కూడా మర్యాదగానే మాట్లాడాడు, కాఫీ ఇప్పించాడు. "సార్, టర్బో వేశాం, ఒరిజినల్ వేశాం. ఇంజెక్టర్లు చేశాం. మా కుర్రాళ్లు పని చేశారు, మేం సామాను కొన్నాం. తర్వాత పైపు పోతే మేమేం చేస్తాం?" అన్నాడు. పైపు తర్వాత పోలేదు, మొదటి నుంచీ పోయిందదే అన్నాను. "అది మీరు అంటున్నారు" అన్నాడు.

నేను చాలాసేపు ఆలోచించాల్సి వచ్చిన ప్రశ్న ఇదే. మెకానిక్ దేవుడు కాదు. ఒక్కోసారి బాగా చదువుకున్న డాక్టర్లే పొరబడతారు. బండి బాగవలేదు కాబట్టి డబ్బంతా వెనక్కి ఇచ్చేయాలి అంటే ఏ షెడ్డూ నడవదు. మరి తేడా ఎక్కడ? చట్టం చూస్తే నాకు కొంచెం స్పష్టత వచ్చింది. 2020 జూలై 20 నుంచి అమల్లోకి వచ్చిన వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ప్రకారం సేవాలోపం అంటే ఫలితం రాకపోవడం ఒక్కటే కాదు. పని చేసిన తీరులో, నాణ్యతలో లోటు ఉండాలి. అంటే ప్రశ్న ఇలా మారింది: 68,350 రూపాయల భాగం మార్చే ముందు, రెండు నిమిషాల లీక్ టెస్టు చేయడం ఆ వృత్తిలో మామూలు జాగ్రత్తా కాదా? చేయలేకపోతే "మా దగ్గర ఆ మెషీన్ లేదు, ఇంకోచోట చూపించుకోండి" అని చెప్పాలా వద్దా? "అయ్యుంటుంది" అనే అనుమానం ఖరీదు ఎవరు కట్టాలి?

అదే చట్టంలో నాకు పనికొచ్చిన ఇంకో విషయం ఉంది. అమ్మిన వస్తువుకి గానీ చేసిన పనికి గానీ బిల్లు ఇవ్వకపోవడం అనుచిత వ్యాపార విధానం కింద చేర్చారు. 1986 నాటి పాత చట్టంలో ఇది లేదు. బిల్లు వద్దని తల ఊపింది నేనే కాబట్టి ఆ మాట ఎత్తడానికి నాకే సిగ్గేసింది. కానీ ఇవ్వాల్సిన బాధ్యత ఆయనదే.

మొదట 1915కి ఫోన్ చేశాను. అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్, తెలుగులో మాట్లాడొచ్చు. ఫిర్యాదు రాసుకుని గ్యారేజ్‌కి పంపుతారు, కానీ వాళ్లు కోర్టు కాదు, అవతలివాళ్లు స్పందించకపోతే అక్కడితో సరి. నా దానికి స్పందన రాలేదు. తర్వాత 15 రోజుల గడువు ఇస్తూ స్పీడ్ పోస్టులో నోటీసు పంపాను. చట్ట ప్రకారం నోటీసు తప్పనిసరి కాదు గానీ, మనం ముందు మాట్లాడే ప్రయత్నం చేశామనడానికి అదే రుజువు. దానికి మాత్రం జవాబొచ్చింది, లాయర్ ద్వారా. అందులో ఒక వాక్యం చదివి నాకు చెమట పట్టింది: "కస్టమర్ టర్బో మార్చమని కోరగా మార్చితిమి."

జాబ్ కార్డ్ తీసి చూశాను. "కస్టమర్ ఫిర్యాదు" అన్న గడిలో నిజంగానే "టర్బో మార్పు" అని ఉంది. కింద నా సంతకం. బండి ఇచ్చిన రోజు నేను చెప్పింది "పికప్ లేదు, పొగ వస్తోంది, లైటు వెలుగుతోంది" అని. ట్యాబ్ పట్టుకున్న కుర్రాడు స్కానింగ్ అయ్యాక గడి నింపాడు, నేను చూడకుండా గీకేశాను. రోజూ వందల లైన్ల కోడ్ రివ్యూ చేసే నేను, నాలుగు లైన్ల జాబ్ కార్డ్ చదవలేదు. మీరు ఇంకేం గుర్తుపెట్టుకోకపోయినా ఇది గుర్తుపెట్టుకోండి: ఆ గడిలో రోగ లక్షణం రాయించండి, మందు పేరు కాదు.

నన్ను ఆదుకుంది ఆ వాయిస్ మెసేజ్. "టర్బోనే సార్ ప్రాబ్లం, మార్చేస్తే సెట్ అయిపోతుంది." తేల్చింది ఆయనే అని ఆయన గొంతే చెప్తోంది.

షెడ్డు ముందు రెండు సాయంత్రాలు

కేసుకి కావాల్సిన అసలు కాగితం మియాపూర్ మెకానిక్ రాసివ్వాల్సిన రిపోర్టు. అడిగితే చెయ్యి అడ్డంగా ఊపేశాడు. "అన్నా, మా లైన్‌వాళ్ల మీద నన్ను రాయమంటావ్. రేపు సామాను కోసం అందరం ఒకే షాపుల చుట్టూ తిరుగుతాం. నాకెందుకు?" అన్నాడు. ఆయన చెప్పింది తప్పు కాదు. రెండు సాయంత్రాలు షెడ్డు ముందు ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని టీ తాగాను. బతిమాలలేదు, పట్టుబట్టలేదు. రెండో రోజు నాన్న బస్సెక్కిన సంగతి మాటల్లో వచ్చింది. ఆయన చేతులు తుడుచుకుంటూ, "వాళ్లు తప్పు చేశారని నేను రాయను. నేను చూసింది రాస్తా, చేసింది రాస్తా. చాలా?" అన్నాడు.

చాలు. నిజానికి అదే మంచిదని తర్వాత తెలిసింది. బండి ఎన్ని కిలోమీటర్లు తిరిగింది, ఏ కోడ్ ఉంది, ఏ టెస్టు చేశాడు, చిరుగు ఎక్కడుంది, పైపు ఒక్కటే మార్చాక ట్రయల్‌లో ఏమైంది, తేదీతో సహా రాశాడు. ఎవరినీ నిందించని కాగితాన్ని కొట్టిపారేయడం కష్టం. పొగ బయటికొస్తున్న వీడియో ఆయన ఫోన్లోనే ఉంది, అదీ ఇచ్చాడు. తర్వాత అఫిడవిట్ మీద సంతకం కూడా పెట్టాడు. చిరిగిన పైపు ముక్క నా దగ్గరే ఉంది.

వినియోగదారుల కమిషన్ అంటే చాలామందికి ఇంకా భయం. లాయర్ కావాలేమో, ఫీజులేమో అని. నాకూ ఉండేది. మనం చెల్లించిన మొత్తం 50 లక్షల లోపు ఉంటే జిల్లా కమిషన్‌కే వెళ్లాలి. 5 లక్షల లోపైతే ఫీజు ఒక్క రూపాయి లేదు. లాయర్ లేకుండా మనమే వాదించుకోవచ్చు. పాత చట్టంలో అవతలివాళ్లు ఉన్న చోటో, గొడవ పుట్టిన చోటో కేసు వేయాల్సి వచ్చేది. ఇప్పుడు మనం ఉంటున్న చోట, ఉద్యోగం చేస్తున్న చోట కూడా వేయొచ్చు. రెండేళ్లలోపు వేయాలి. ఆన్‌లైన్లో ఈ-జాగృతి పోర్టల్ ఉంది. అప్‌లోడ్‌లో పీడీఎఫ్‌లతో నేను పడ్డ తిప్పలు చెప్తే నా వృత్తికే నామోషీ, వదిలేద్దాం. క్యాబ్ నడుపుకునేవాళ్లు ఒకటి చూసుకోవాలి. వ్యాపారం కోసం తీసుకున్న సేవలైతే ఈ చట్టం వర్తించదనే వాదన వస్తుంది. సొంతంగా నడుపుకుంటూ అదే జీవనాధారమైతే ఆ సంగతి ఫిర్యాదులో స్పష్టంగా రాయాలి.

వాట్సాప్ సంగతి ఒకటి చెప్పాలి. స్క్రీన్‌షాట్లు ప్రింట్ తీసి కుట్టేస్తే చాలనుకున్నాను. ఆ ఫోన్ నాదే, ఏమీ మార్చలేదు అంటూ ఒక సర్టిఫికెట్ జతచేస్తే మంచిదని లా చదివిన ఫ్రెండ్ చెప్పాడు. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియంలో సెక్షన్ 63 దాని గురించే. జతచేశాను. వాయిస్ మెసేజ్‌ని అక్షరం పొల్లుపోకుండా తెలుగులో రాసి, దాని కింద ఇంగ్లిష్ అనువాదం పెట్టాను.

నేను అడిగింది: టర్బో బిల్లు 68,350, ఇంజెక్టర్లకి 24,000, టోయింగ్ 6,500, మానసిక వేదనకి 30,000, ఖర్చులకి 10,000. మొత్తం 1,38,850. పైపు మార్చిన 3,150 అడగలేదు. అది ఎలాగూ నేను పెట్టుకోవాల్సిన ఖర్చే.

కేసు వేసింది మే నెలలో. నోటీసు అందాక అవతలివాళ్లు 30 రోజుల్లో జవాబివ్వాలి, కమిషన్ ఇంకో 15 రోజులు ఇవ్వొచ్చు. ఆ 45 దాటితే ఇక కుదరదని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2020లో తేల్చింది. గ్యారేజ్‌వాళ్లు 40వ రోజున వేశారు. టెస్టులు అవసరం లేని కేసు 3 నెలల్లో తేల్చడానికి ప్రయత్నించాలని చట్టంలో ఉంది. ఉంది, అంతే. వాయిదాలు వాయిదాల్లాగే నడిచాయి. రెండుసార్లు నేను సగం రోజు సెలవు పెట్టి వెళితే, ఒకసారి అవతలి లాయర్ రాలేదు, ఇంకోసారి మా కేసు పిలిచేలోపు టైమైపోయింది. మా మేనేజర్ "ఎంతరా బాబూ, లక్ష కోసం ఇన్ని లీవులా?" అన్నాడు. లెక్క వేసుకుంటే ఆయన చెప్పింది నిజమే కావచ్చు. అందరూ ఆ లెక్క వేసుకుని మానేస్తారని గ్యారేజ్‌వాళ్లకీ తెలుసు.

బల్లకి అటూ ఇటూ

సెప్టెంబర్‌లో కమిషన్, ఇద్దరికీ ఇష్టమైతే మధ్యవర్తిత్వానికి వెళ్లండి అంది. సరేనన్నాం. చిన్న గది, ఒక బల్ల, మధ్యలో పెద్దావిడ మీడియేటర్. అక్కడ లాయర్ల భాష లేదు. ఆవిడ వీడియో చూశారు, టర్బో షాపు కాగితం చూశారు, వాయిస్ మెసేజ్ రెండుసార్లు విన్నారు. ఓనర్‌ని అడిగారు, "మీ దగ్గర ఈ పొగ టెస్టు చేసే మెషీన్ ఉందా?"

ఆయన కాసేపు ఆగి, "లేదు మేడమ్" అన్నాడు. "కొనాలనుకున్నాం."

"లేదని ఈ అబ్బాయికి చెప్పారా?"

చెప్పలేదు.

ఆ క్షణంలో నాకు ఆయన మోసగాడిగా అనిపించలేదు, నిజం. ఏసీ గదికీ, కాఫీ మెషీన్‌కీ పెట్టిన డబ్బులో కొంచెం ఆ మెషీన్‌కి పెట్టని మనిషిలా కనిపించాడు. తెలియదన్న మాట నోట రాక, తెలిసినట్టు చెప్పి, ఆ ధైర్యానికి అయ్యే ఖర్చు నాతో పెట్టించాడు. తప్పు జరగడం వేరు. తెలియనితనాన్ని గ్యారంటీగా అమ్మడం వేరు. నా ఫిర్యాదు రెండోదాని మీదే.

ఆయన వాదనలో బలం లేకపోలేదు. "కొత్త టర్బో ఈయన బండిలోనే ఉంది కదా మేడమ్, ఎనిమిది తొమ్మిదేళ్ల పాతది పోయి కొత్తది వచ్చింది. అది ఊరికే రాదు కదా" అన్నాడు. నిజమే. నాకు అక్కర్లేనిదైనా, వచ్చింది వచ్చినట్టే. మొత్తం వాపసు అడగడం న్యాయం కాదేమోనని అక్కడ కూర్చున్నాకే నాకూ అనిపించింది. ఇంజెక్టర్ల దగ్గర మాత్రం ఆయన దగ్గర మాటలేదు. రీకండిషన్ చేయించినట్టు ఒక్క కాగితం చూపించలేకపోయాడు. నా దగ్గర బిల్లు లేదు, ఆయన దగ్గర బయట పని చేయించిన రసీదు లేదు. నా యూపీఐ చెల్లింపు, "ఇంజెక్టర్ల పని అయిపోయింది సార్" అన్న ఆయన మెసేజ్ మాత్రం ఉన్నాయి.

రెండు గంటల తర్వాత 70,000 దగ్గర ఆగాం. రెండు చెక్కులు, నెల తేడాతో. అందులో మానసిక వేదనకి విడిగా ఏమీ లేదు. ఒప్పందం మీద సంతకాలయ్యాక కమిషన్ దాని ప్రకారం ఆర్డర్ ఇచ్చింది. ఆర్డర్ పాటించకపోతే నెల నుంచి మూడేళ్ల దాకా జైలు, 25,000కి తగ్గకుండా లక్ష దాకా జరిమానా వేసే అధికారం కమిషన్‌కి ఉంది. మొదటి చెక్కు టైముకే వచ్చింది. రెండోది పన్నెండు రోజులు లేటు. నేను ఆ సెక్షన్ నంబర్ ఒక్కటి వాట్సాప్‌లో పెట్టాను, సాయంత్రానికి డబ్బు అకౌంట్‌లో పడింది.

గది బయట ఓనర్ నా పక్కన నిలబడి, "ఆ మెషీన్ ఎక్కడ కొన్నాడో మీ మెకానిక్‌ని అడిగి చెప్తారా సార్?" అన్నాడు. వెటకారమో నిజమో అర్థం కాలేదు. అడిగి చెప్పాను.

పోయినవారం నాన్నని మళ్లీ చెకప్‌కి తీసుకొచ్చాను. కోదాడ నుంచి బయల్దేరేటప్పుడు ఆయన చేతికర్ర డిక్కీలో పెట్టబోతే, "ముందు పెట్టరా, ఎందుకైనా మంచిది" అన్నాడు. చిట్యాల దగ్గరకొచ్చాక ఇద్దరం మాట్లాడటం మానేశాం. నాన్న కళ్లు స్పీడోమీటర్ మీదే ఉన్నాయి. పంతంగి టోల్ గేటు దాటాక సీటు కొంచెం వెనక్కి వాల్చుకుని, "ఇంతకీ ఆ అట్టపెట్టెలో సామాను అమ్మితే ఎంతొస్తుందంటావ్?" అని అడిగాడు.